నెలలు నిండని శిశువు ఎదుగుదలను కొలిచేదెట్లా?



నవంబరు 17వ తేదీని ప్రపంచ దేశాలన్నిటా నెలలు నిండక మునుపే జన్మించిన శిశువుల దినంగా పాటిస్తున్నారు. ఆ సందర్భాన్ని పురస్కరించుకొని ఈ మాసపు ఆరోగ్య శీర్షికను ఆ చిన్నారులకే కేటాయిస్తున్నాము. 2020వ సంవత్సరంలో మన దేశంలో సుమారు 30 లక్షల మంది శిశువులు నెలలు నిండకుండానే పుట్టారని అంచనా. అనగా ప్రతి నూరు కాన్పులలో పదమూడు. కావున ఇది ఎవరో కొందరికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. ఏ ఉద్యోగి ఇంటనైనా, ఏ ఆడపడుచు పురిటి సమయంలోనైనా ఎదురు కాగల పరిస్థితి.

పుదుచ్చేరి నగరంలో మేము నివసించే సారం ప్రాంతానికి గోరిమేడులోని జిప్మర్ గాని, ఎల్లైపిళ్ళైచావడిలోని రాజీవ్ గాంధీ ప్రభుత్వ స్త్రీ, శిశు వైద్యశాల గాని దూరం కాదు. ఇక్కడి తెలుగు కుటుంబాలలోనూ, యానాం నుండి వచ్చి స్థిరపడిన వారిలోనూ, బిడ్డను నవజాత శిశు విభాగంలో ఉంచి వారాల తరబడి వెలుపలి వరండాలో వేచి ఉన్నవారు ఉన్నారు. అటువంటి వారి నోట మేము తరచుగా విన్న మాట ఒక్కటే: “నిన్నటి కన్న పది గ్రాములు తగ్గాడటండీ, ఇక ఎట్లాగో ఏమో!” ఆ పది గ్రాముల వెనుక రాత్రంతా నిద్ర లేని తల్లి ఉన్నది, సెలవు దొరకక షిఫ్టు ముగించుకొని పరుగున వచ్చిన తండ్రి ఉన్నాడు. ఆ అంకె నిజంగా ఏమి చెబుతున్నదో, ఏమి చెప్పడం లేదో ఆ దంపతులకు వివరించగలిగితే వారి భయం కొంతైనా తీరగలదన్న ఆశతో ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

తూకం పుట్టిన చోటు

పుదుచ్చేరి వాసులకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటి ఉన్నది. నెలలు నిండని శిశువుల సంరక్షణ ఒక శాస్త్రంగా రూపు దిద్దుకొన్నది ఫ్రెంచి దేశంలోనే. కోడిగుడ్లను పొదిగించే వెచ్చని పెట్టెను చూచి స్తెఫాన్ తార్నియే అనే ప్రసూతి వైద్యునికి శిశువులకు సైతం అటువంటి పెట్టె చేయించాలన్న ఆలోచన కలిగిందంటారు. 1880 దశకంలో పారిస్ ప్రసూతి ఆసుపత్రిలో ఆయన ఆ పెట్టెలను వాడుకలోకి తెచ్చారు. పాలు చప్పరించలేని బిడ్డకు సన్నని గొట్టం ద్వారా పాలు పంపే పద్ధతినీ ప్రోత్సహించారు. ఆయన శిష్యుడు పియేర్ బుదాఁ 1892లో పారిస్ లోని షారితె ఆసుపత్రిలో పసిబిడ్డలకై ప్రత్యేక సలహా కేంద్రం తెరచి, తల్లులను క్రమం తప్పక రప్పించి, బిడ్డలను తూచి, ఆ బరువులను వరుసగా నమోదు చేయించారు. బిడ్డను ఒకసారి తూచడం వేరు, పదే పదే తూచి ఆ అంకెలను ఒక వరుసగా చదవడం వేరు. ఈ రెండవదే నేటికీ శిశు వైద్యానికి ఆధారం.

మన పట్టణంలో ఫ్రెంచివారు 1823లోనే వైద్య పాఠశాలను నెలకొల్పారు. ఆ పరంపరలోనే 1964లో నేటి జిప్మర్ ప్రారంభమైనది.

మొదట వయస్సు తేలాలి

37 వారాలు నిండక మునుపు పుట్టిన బిడ్డను నెలలు నిండని బిడ్డ అంటారు. 32 వారాలకు ముందే పుడితే మిక్కిలి ముందుగా పుట్టిన శిశువు. 28 వారాలు సైతం దాటకపోతే అత్యంత సున్నితమైన స్థితి. “ఏడవ నెల బిడ్డ దక్కుతుంది, ఎనిమిదవ నెల బిడ్డ దక్కదు” అనే నమ్మకం మన పెద్దలలో ఉన్నది. ఇది నిజం కాదు. తల్లి గర్భంలో గడిచిన ప్రతి అదనపు వారమూ బిడ్డకు బలమే.

చివరి మూడు మాసాలలోనే గర్భస్థ శిశువు బరువు దాదాపు మూడింతలవుతుంది. ఎముకలకు కావలసిన సున్నం, భాస్వరం, రక్తానికి కావలసిన ఇనుము, చర్మం క్రింది కొవ్వు చాలవరకు అప్పుడే చేకూరుతాయి. మెదడు సంగతి మరీ ముఖ్యం. 34 వారాల శిశువు మెదడు నిండు నెలల శిశువు మెదడు బరువులో సుమారు 65 శాతమే ఉంటుంది. అనగా 29 వారాలకు పుట్టిన బిడ్డ తల్లి కడుపులో చేయవలసిన నిర్మాణమంతా ఆసుపత్రి పడక మీద చేసుకోవలసి ఉంటుంది. ఆ నిర్మాణానికి కావలసిన సరుకు అందుతున్నదా లేదా అని నిత్యం విచారించడమే ఎదుగుదలను కొలవడంలోని పరమార్థం.

వయస్సు లెక్క తప్పితే తక్కిన లెక్కలన్నీ తప్పుతాయి. 1,200 గ్రాముల బిడ్డ 29 వారాల వాడైతే వయస్సుకు తగిన బరువుతో పుట్టినట్లు. అదే బిడ్డ 33 వారాల వాడైతే గర్భంలోనే పోషణ చాలక చిక్కినట్లు. ఇద్దరి అవసరాలూ, ఇద్దరికీ పొంచి ఉన్న ప్రమాదాలూ వేరు. బిడ్డ చర్మం, అరికాళ్ళ గీతలు, చెవుల గట్టిదనం, కండరాల బిగువు చూచి వయస్సును అంచనా వేసే పద్ధతులు వైద్యులకు ఉన్నాయి. డ్యూబోవిట్జ్ దంపతులు 1970లో ఒక పట్టికను, బల్లార్డ్ 1979లో అంతకన్న క్లుప్తమైనదాన్ని రూపొందించారు. ఐనప్పటికీ అన్నిటికన్న నమ్మదగినది మొదటి మూడు నెలలలో తీయించిన స్కానింగు కాగితం. మన ఉద్యోగుల ఇళ్ళలో వైద్య ఖర్చుల రీయింబర్సుమెంటు కొరకు ప్రతి బిల్లునూ పదిలంగా దాచే అలవాటు ఉన్నది. ఆ బిల్లుకు జతపరచిన స్కానింగు రిపోర్టును ఆఫీసుకు సమర్పించే ముందు ఒక నకలు తీసి ఇంట ఉంచుకోవలసినదిగా ప్రత్యేకంగా కోరుతున్నాము. కాన్పు అకస్మాత్తుగా వచ్చిన నాడు ఆ ఒక్క కాగితం వైద్యునికి ఎంతో సహాయకారి కాగలదు.

కొలతలు మూడు

బరువు ఒక్కటే ఎదుగుదల కాదు. బరువు, పొడవు, తల చుట్టుకొలత – ఈ మూడూ కలిసినదే ఎదుగుదల.

బరువును సాధారణంగా ప్రతి దినమూ చూస్తారు. గ్రాముల తేడాను పట్టగల ఎలక్ట్రానిక్ త్రాసు మీద, వీలైనంతవరకు ఒకే వేళకు, బట్టలు లేకుండా తూచడం పద్ధతి. ఇక్కడ ఒక మెలకువ ఉన్నది. బిడ్డ చేతికి కట్టిన చెక్కపలక, సెలైను గొట్టం, తడిసిన గుడ్డ, అప్పుడే త్రాగిన పాలు – ఇవన్నీ త్రాసు మీద బరువే. 18 మిల్లీలీటర్ల పాలు త్రాగక ముందు తూచినదానికీ, త్రాగిన పిమ్మట తూచినదానికీ 18 గ్రాముల తేడా వస్తుంది. ఒంటికి నీరు పట్టినా బరువు పెరిగినట్లే కనిపిస్తుంది. కావున ఒక దినం పది గ్రాములు తగ్గినదనీ, మరుదినం పదిహేను పెరిగినదనీ కుంగిపోవడం గాని పొంగిపోవడం గాని అనవసరం.

పొడవును వారానికి ఒకసారి కొలుస్తారు. టేపుతో ఒక్కరు కొలిస్తే లెక్క కుదరదు. తల ఆనే పలక స్థిరంగా, పాదాలు ఆనే పలక జరిగేటట్లుగా ఉన్న కొలబద్ద మీద ఇద్దరు మనుషులు కలిసి కొలవాలి. ఒకరు తలను, మరొకరు మోకాళ్ళను నిదానంగా పట్టుకొంటారు. శ్రమ ఎక్కువ కావడం వలన ఈ కొలత పలుచోట్ల నిర్లక్ష్యానికి గురవుతున్నది. అయితే కండ, ఎముక పెరుగుతున్నాయో లేదో చెప్పేది పొడవే. బరువు పెరిగి పొడవు పెరగకపోతే బిడ్డకు శక్తి అందుతున్నది గాని మాంసకృత్తులు చాలడం లేదేమోనని వైద్యులు అనుమానిస్తారు.

తల చుట్టుకొలతను సైతం వారానికి ఒకసారి, సాగని టేపుతో, కనుబొమలకు పైగా, తల వెనుక ఎత్తైన భాగం మీదుగా తీస్తారు. మెదడు పెరుగుదలకు బయట కనిపించే గుర్తు ఇదే. నిలకడగా ఉన్న బిడ్డలో తల చుట్టుకొలత, పొడవు వారానికి దాదాపు ఒక్కొక్క సెంటీమీటరు చొప్పున పెరగడం ఆశించదగినది. తల అంతకన్న మరీ వేగంగా పెరిగితే సంతోషించరాదు. లోపల నీరు చేరుతున్నదేమోనని స్కానింగు చేయించవలసి రావచ్చు.

ఒక చిన్న లెక్క

పుట్టిన తొలి దినాలలో బిడ్డ బరువు తగ్గడం సహజం. శరీరంలోని అదనపు నీరు విసర్జితం కావడమే ఇందుకు కారణం. నెలలు నిండని బిడ్డలలో ఈ తగ్గుదల నూటికి పది, కొందరిలో పదిహేను వంతుల వరకు ఉండవచ్చు. పుట్టిన నాటి బరువును తిరిగి అందుకొనేందుకు పది నుండి పదునాలుగు దినాలు పడుతుంది. అసలు లెక్క అప్పటి నుండి మొదలవుతుంది.

ఉదాహరణకు 29 వారాలకు 1,200 గ్రాముల బరువుతో పుట్టిన శిశువును ఊహించుదాము. అయిదవ దినానికి 1,080 గ్రాములకు తగ్గి, పదమూడవ దినానికి తిరిగి 1,200 అయినది. ఇరువదవ దినాన త్రాసు 1,340 చూపినది. ఏడు దినాలలో 140 గ్రాములు, అనగా దినానికి 20 గ్రాములు. ఆ వారపు సగటు బరువు 1.27 కిలోలు. 20ని 1.27తో భాగిస్తే ఇంచుమించు 15.7 వస్తుంది. బిడ్డ దినానికి ప్రతి కిలో బరువుకు దాదాపు 16 గ్రాముల చొప్పున పెరుగుతున్నదన్న మాట. ఈ దశలో 15 నుండి 20 గ్రాముల వరకు ఉండడం మంచి ఎదుగుదలగా పరిగణిస్తారు. బిడ్డ రెండు కిలోలు దాటిన పిమ్మట కిలో లెక్క మాని, దినానికి 20 నుండి 30 గ్రాములు పెరుగుతున్నదా అని చూస్తారు.

వరండాలో పక్కనున్న వారి బిడ్డ దినానికి ముప్పయి గ్రాములు పెరిగిందనీ, మన బిడ్డ ఇరవయ్యేననీ పోల్చుకొని బాధపడడం ఎంత అనవసరమో దీనిని బట్టి గ్రహించవచ్చు. ఆ బిడ్డ రెండు కిలోల బరువైతే ముప్పయి గ్రాములనగా కిలోకు పదిహేనే. మన బిడ్డ కిలోంబావు అయితే ఇరవై గ్రాములనగా కిలోకు పదహారు.

ఈ లెక్కకు ఇంత ప్రాముఖ్యం ఎందుకని ప్రశ్నించవచ్చు. అమెరికాలో వేయి గ్రాముల లోపు బరువుతో పుట్టిన శిశువులను ఎరెన్‌క్రాంజ్ ప్రభృతులు పరిశీలించి 2006లో ఫలితాలు ప్రకటించారు. ఆసుపత్రిలో ఉన్న కాలంలో కిలోకు దినానికి 12 గ్రాముల చొప్పున మాత్రమే పెరిగిన వారికంటె, 21 గ్రాముల చొప్పున పెరిగిన వారిలో ఏడాదిన్నర, రెండేళ్ళ వయస్సుకు అవయవాల బిగుసుకుపోవడం, మానసిక వికాసంలో వెనుకబాటు తక్కువగా కనిపించాయి. తల చుట్టుకొలత విషయంలోనూ అదే రుజువైనది. బిడ్డ తదుపరి జీవితం ఈ కొద్ది వారాల పోషణతో ముడిపడి ఉన్నదని దీని తాత్పర్యం.

గీతల పటం

కొలతలను ఒక పటం మీద చుక్కలుగా గుర్తించి కలుపుతారు. పటంలో ముందుగానే ముద్రించిన వంపు గీతలుంటాయి. పదవ గీత అనగా ఏమి? ఒకే వయస్సు గల నూరుగురు శిశువులను బరువు ప్రకారం తక్కువ నుండి ఎక్కువకు వరుసగా నిలిపితే పదవ స్థానంలో నిలిచే శిశువు బరువు. ఏబదవ గీత నడిమి వాని బరువు. పదవ గీత మీద ఉన్నవానికి పదే మార్కులు వచ్చినట్లు భావించడం పొరపాటు. ఇది పరీక్ష కాదు, వరుస మాత్రమే.

మొదటి వారంలో నీరు తగ్గడం వలన బిడ్డ తాను పుట్టిన గీత నుండి కొంత దిగువ గీతకు దిగడం మామూలే. అటు పిమ్మట ఆ క్రొత్త గీతకు సమాంతరంగా సాగుతున్నాడా, లేక వారం వారం గీత తరువాత గీతను దాటుకొంటూ దిగజారుతున్నాడా అన్నదే చూడవలసినది. ఒక్క చుక్క ఏమీ చెప్పదు. చుక్కల వరుస చెబుతుంది.

నేడు మన ఆసుపత్రులలో రెండు పటాలు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. మొదటిది కెనడాకు చెందిన టానిస్ ఫెంటన్ 2003లో రూపొందించి, 2013లో ఆరు దేశాలకు చెందిన దాదాపు 40 లక్షల జననాల ఆధారంగా సవరించినది. బిడ్డ తల్లి గర్భంలోనే ఉండి ఉంటే ఈ పాటికి ఎంత ఎదిగేవాడన్నది ఈ పటం సూచిస్తుంది. రెండవది ఇంటర్‌గ్రోత్-21 అనే అంతర్జాతీయ పరిశోధన ఫలితం. ఎనిమిది దేశాలలో జరిగిన ఈ పరిశోధనలో మన నాగపూరు సైతం ఒక కేంద్రం. ఆరోగ్యవంతులైన తల్లులకు నెలలు నిండక పుట్టిన శిశువులు వెలుపల నిజంగా ఎట్లా ఎదిగారో గమనించి 2015లో ఆ పటాన్ని ప్రకటించారు. ఐతే దానికి ఆధారమైన శిశువులు సుమారు రెండు వందల మందే. వారిలో 32 వారాల లోపు వారు మరీ తక్కువ.

గర్భంలోని ఎదుగుదలను వెలుపల సైతం సాధించాలని పట్టుబట్టడం న్యాయమా, లేక వెలుపలి జీవితానికి తగిన ఎదుగుదలనే ఆశించాలా అన్నది వైద్యులలో నేటికీ చర్చనీయాంశం. మన మట్టుకు గ్రహించవలసినది ఒక్కటి. ఒకే బిడ్డ ఒక పటంలో పదవ గీతకు దిగువన, మరొక పటంలో ఎగువన ఉండవచ్చు. ఒక ఆసుపత్రి నుండి మరొక ఆసుపత్రికి మారినప్పుడు “అక్కడ బాగుందన్నారు, ఇక్కడ బాగులేదంటున్నారు” అని ఆందోళన చెందే ముందు, రెండు చోట్లా వాడిన పటం ఒక్కటేనా అని వైద్యుని మర్యాదగా అడిగి తెలుసుకోవడం మంచిది.

పాలే ఔషధం

కొలవడం ఒక ఎత్తు, ఆ కొలతను బట్టి పోషణను సరిచేయడం మరొక ఎత్తు. మిక్కిలి ముందుగా పుట్టిన శిశువుకు చప్పరించడం, మ్రింగడం, ఊపిరి పీల్చడం – ఈ మూడింటినీ జతపరచగల నేర్పు సుమారు 34 వారాల వరకు రాదు. అందుచేత తొలినాళ్ళలో రక్తనాళం ద్వారా చక్కెర, మాంసకృత్తులు, కొవ్వు ద్రావణాలను ఇస్తూనే, నోటి ద్వారా గాని ముక్కు ద్వారా గాని కడుపులోనికి వేసిన సన్నని గొట్టంతో కొద్ది కొద్దిగా తల్లిపాలు పోస్తారు. మొదట దినానికి కిలోకు 10 నుండి 20 మిల్లీలీటర్లు మాత్రమే. ఇది ఆకలి తీర్చడానికి కాదు, ప్రేగులను మేల్కొల్పడానికి. క్రమంగా పెంచుతూ కిలోకు 150 నుండి 180 మిల్లీలీటర్ల దాకా తీసుకొనిపోతారు.

మన 1,200 గ్రాముల బిడ్డకు కిలోకు 180 చొప్పున దినానికి 216 మిల్లీలీటర్లు. రెండు గంటలకొకసారి పన్నెండు మార్లు పోస్తే ఒక్కొక్క మారు 18 మిల్లీలీటర్లు. నాలుగు చెంచాల కన్న తక్కువ! బయట నిలబడిన అమ్మమ్మగారికి ఇది చాలీచాలని తిండిగా తోచవచ్చు. తల్లిపాలు నూరు మిల్లీలీటర్లకు సుమారు 67 కేలరీల శక్తినిస్తాయి. ఆ లెక్కన బిడ్డకు కిలోకు 120 కేలరీలు అందుతున్నాయి. అవసరమైనది 115 నుండి 140 కనుక శక్తికి లోటు లేదు. మాంసకృత్తుల లెక్క వేరు. పరిపక్వమైన తల్లిపాలలో నూరు మిల్లీలీటర్లకు ఒక గ్రాముకు కొంచెం పైగా ఉంటాయి. కిలోకు రెండు గ్రాములు అందుతాయి, కావలసినది మూడున్నర నుండి నాలుగు. ఈ లోటు పూరించడానికే తల్లిపాలలో మాంసకృత్తులు, సున్నం, భాస్వరం గల ప్రత్యేకమైన పొడిని వైద్యులు కలిపిస్తారు. దీనిని బజారులోని డబ్బాపాల పొడితో పోల్చరాదు. తల్లిపాలకు బదులుగా ఇచ్చేది కాదు, తల్లిపాలకు తోడుగా ఇచ్చేది. వీటికి అదనంగా విటమిన్ డి చుక్కలు, కొద్ది వారాలకు ఇనుము చుక్కలు వ్రాసి ఇస్తారు.

నెలలు నిండని బిడ్డలకు ప్రేగులు కుళ్ళి ప్రాణాపాయం తెచ్చే ఒక వ్యాధి పొంచి ఉంటుంది. డబ్బాపాల మీద పెరిగే శిశువులలో దీని ప్రమాదం ఎక్కువ. తల్లిపాలు దాని నుండి కాపు కాస్తాయి. ముర్రుపాలను పిండి పారబోసే పాత అలవాటు ఏ ఇంటనైనా మిగిలి ఉంటే ఈ కారణం చేతనైనా దానిని విడనాడవలెనని మనవి. తల్లి కాన్పయిన కొద్ది గంటలలోనే పాలు పిండడం మొదలుపెట్టి, రాత్రివేళతో సహా దినానికి ఎనిమిది నుండి పది మార్లు పిండితేనే పాల ధార నిలుస్తుంది. బాలింత పథ్యం పేరిట ఆమెకు పప్పు, కూర, పాలు తగ్గించడం తగదు.

తల్లిపాలు చాలనప్పుడు దాతల పాలు తరువాతి ఉత్తమ మార్గం. డాక్టరు అర్మిడా ఫెర్నాండెజ్ కృషితో 1989లో ముంబయి సయాన్ ఆసుపత్రిలో ఆసియా ఖండానికే మొదటిదైన తల్లిపాల నిధి ఏర్పడినది. హైదరాబాదు నిలోఫర్ ఆసుపత్రిలో 2017లో ‘ధాత్రి’ పేరిట, మన జిప్మర్ లో 2016లో ‘అముదం’ పేరిట అటువంటి నిధులు వెలిసినవి. తెలుగువారు ఆ పేరు చూచి బిడ్డలకు ఆముదం పోస్తున్నారేమోనని కలవరపడనక్కరలేదు. అరవంలో అముదమనగా అమృతం. దాతలకు రక్తపరీక్షలు చేసి, పాలను 62.5 డిగ్రీల వేడిమిలో 30 నిమిషాలు ఉంచి, సూక్ష్మజీవులు లేవని నిర్ధారించుకొన్న పిమ్మటనే వాడతారు. తమ బిడ్డకు సరిపోగా పాలు మిగిలిన తల్లులు మన కాలనీలలో ఉంటే ఈ దానాన్ని గూర్చి ఆలోచించవలసినదిగా ప్రార్థిస్తున్నాము.

బిడ్డ కాస్త పుంజుకొన్నాక గొట్టం నుండి తల్లి రొమ్ముకు చేరే మధ్యదశలో ఇక్కడి నర్సులు ‘పాలాడై’తో పాలు పట్టడం చూచి పలువురు క్రొత్త పరికరమనుకొంటారు. అది మన ఉగ్గుగిన్నెయే! మన ముత్తవ్వల నాటి ఆ ముక్కుగిన్నెను నేడు నవజాత శిశు విభాగాలు ఆదరిస్తున్నాయి. పాలసీసా కన్న దీనిని శుభ్రపరచడం సులువు. ఐతే గిన్నె మంచిదని చెప్పి అందులో వసకొమ్ము, తేనె, ఆముదం రంగరించి పోయరాదు. ఈ బిడ్డల ప్రేగులు వాటిని భరించలేవు.

కంగారు పడవద్దు, కంగారూ కావాలి

బిడ్డను గుడ్డలు లేకుండా తల్లి రొమ్ముల నడుమ చర్మానికి చర్మం తగిలేటట్లు నిలువుగా కట్టి ఉంచడాన్ని కంగారూ సంరక్షణ అంటారు. 1978లో కొలంబియా దేశపు బొగొటా నగరంలో వెచ్చని పెట్టెలు చాలక మొదలైన పద్ధతి ఇది. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో సహా అయిదు దేశాల ఆసుపత్రులలో కిలో నుండి 1.8 కిలోల లోపు బరువు గల బిడ్డలపై జరిపిన పరిశోధన ఫలితాలు 2021లో వెలువడినవి. పుట్టిన వెంటనే ఈ సంరక్షణ మొదలుపెడితే మొదటి నెలలో మరణాలు నాలుగింట ఒక వంతు తగ్గినవి. వెచ్చదనం కొరకు ఖర్చయ్యే శక్తి మిగిలి ఎదుగుదలకు ఉపయోగపడుతుంది. తల్లికి పాలు సమృద్ధిగా వస్తాయి. తండ్రి సైతం ఈ పని చేయవచ్చు. షిఫ్టు ముగించుకొని వచ్చిన తండ్రి వరండాలో నిలబడి గ్రాముల కొరకు ఎదురుచూడడం కన్న, శుభ్రంగా స్నానం చేసి, వైద్యుల అనుమతితో బిడ్డను గుండెలకు హత్తుకొని రెండు గంటలు కూర్చొనడం ఆ గ్రాములకే మేలు.

కన్ను, ఇల్లు

తొలి వారాలలో బరువు సరిగా పెరగని శిశువులలో కంటి లోపలి పొర దెబ్బతినే ప్రమాదం ఎక్కువగా కనిపిస్తున్నది. దీనికి వెలుపల ఏ గుర్తూ ఉండదు. 34 వారాలకు ముందు గాని, రెండు కిలోల లోపు బరువుతో గాని పుట్టిన ప్రతి బిడ్డకూ 30 దినాలు నిండేలోగా కంటి పరీక్ష జరగాలి. మరీ ముందుగా పుట్టినవారికి రెండు మూడు వారాలకే జరగాలి. ఆసుపత్రి నుండి ముందుగా ఇంటికి పంపారన్న సంతోషంలో ఈ తేదీని మరచిపోరాదు. సకాలంలో చికిత్స జరిగితే చూపు దక్కుతుంది. జాప్యమైతే దక్కకపోవచ్చు.

ఇంటికి చేరిన పిమ్మట బిడ్డకు రెండు వయస్సులుంటాయి. 29 వారాలకు పుట్టినవాడు పదకొండు వారాలు ముందుగా వచ్చినవాడు. పుట్టి అయిదు నెలలైనా ఎదుగుదల లెక్కలో అతడు రెండున్నర నెలల బిడ్డే. మెడ నిలపడం, బోర్లపడడం, కూర్చొనడం – అన్నిటినీ రెండేళ్ళ వరకు ఆ సవరించిన వయస్సుతోనే చూడాలి. ఎదురింటి బిడ్డ బోర్లపడింది, మనవాడు పడలేదని తల్లిని నిందించడం అన్యాయం. టీకాలకు మాత్రం పుట్టిన తేదీ లెక్కయే.

జ్ఞాపకముంచుకోవలసినవి

1. ఒక దినపు బరువును చూచి బెంగపడవద్దు. వారపు లెక్కను అడగండి.

2. బరువుతో పాటు పొడవును, తల చుట్టుకొలతను నమోదు చేశారా అని విచారించండి.

3. తొలి స్కానింగు రిపోర్టును, ఆసుపత్రి ఇచ్చిన ఎదుగుదల పటాన్ని బిల్లులతో సమానంగా భద్రపరచండి.

4. “ఇంకాస్త పొయ్యండి” అని నర్సులను ఒత్తిడి చేయవద్దు. ఆ 18 మిల్లీలీటర్ల వెనుక లెక్క ఉన్నది.

5. కంటి పరీక్ష తేదీని గోడమీది క్యాలెండరులో ఎర్రసిరాతో గుర్తించండి.

నవజాత శిశు విభాగపు తలుపు వద్ద మన వంతు సహాయం చిన్నదిగా తోచవచ్చు. పాలు పిండే తల్లికి వేళకు వేడి భోజనం తెచ్చిపెట్టడం, వేచి ఉన్న తండ్రికి ఒక పూట షిఫ్టు మార్చి ఇవ్వడం, “ఎంత పెరిగాడు?” అని దినదినమూ అడగక “మీకేమి కావాలి?” అని ఒక్కమారు అడగడం – ఇవీ పోషణలో భాగాలే. సహోద్యోగులు గుర్తింతురు గాక!

వచ్చే సంచికలో బాలింతల ఆహార నియమాలను గూర్చి ముచ్చటించుకొందాము. అంతవరకు సెలవు.